నల్లరేగడిలో మందతో ఒక రాత్రి

ఎడారిలో ఒక రాత్రి గడపవలెనన్న కోరికతో మనవారు ఇప్పుడు రాజస్థానము దాక పోవుచున్నారు. జైసల్మేరునకు పడమట, సమ్ ఇసుకతిన్నెలపై గుడారములలో విడిసి, ఒంటెను నడుపు స్థానికుని వెంట తిరిగి, చుక్కలు చూచి వత్తురు. ఆ వేడుకను నేను తప్పుపట్టను. కాని నీడ కొరవడి, చీకటిపడిన పిమ్మట దిక్కు తెలియని బయలు మన గుంటూరు, ప్రకాశము సీమలలోను కలదు. పత్తి తీసి, మిరప కోసిన తరువాత వైశాఖములో నల్లరేగడి చేలు అట్లే ఉండును. అక్కడ మనకు దారి చూపువాడు గొఱ్ఱెలకాపరి.

మొన్నటి వేసవిలో ఒక ప్రసంగమునకు కావలసిన విషయములను సేకరించుటకై, చిలకలూరిపేట, మార్టూరుల నడుమ మంద విడిసిన ఒక చేనికి సాయంకాలము చేరితిని. కాపరి అరువదియేండ్లు దాటిన పెద్ద. ఆయన కుమారుడు, మనుమడు, రెండు కుక్కలు, మూడువందలకు పైబడిన గొఱ్ఱెలు, ఇదియే ఆ బిడారము. గొఱ్ఱెలు నెల్లూరు జాతివి. భారతదేశపు గొఱ్ఱెలలో ఇవి మిక్కిలి ఎత్తైనవని పేరు. వీనికి ఉన్ని లేదు, పొట్టి వెండ్రుకలే. కనుక పెద్దాయన భుజముమీది గొంగళి ఈ మందది కాదు. దక్కను పీఠభూమి గొఱ్ఱెల ఉన్నితో నేసినది.

పంట లేని చేనిలో రాత్రివేళ గొఱ్ఱెలను నిలుపుటను 'మంద పెట్టించుట' అందురు. పూర్వము ఆసామి కాపరికి ధాన్యము కొలిచెడివాడు. ఇప్పుడు ఎక్కువగా రొక్కమే. ఈ ఎరువునకొక మేలు కలదు. కొట్టములోని పేడను తట్టల కెత్తుదుము గాని మూత్రము చాలవరకు అక్కడనే ఇంకిపోవును. మందలో పెంటికయు మూత్రమును రెండును చేనిలోనే పడును; మూత్రములోని నత్రజని పైరుకు దక్కును. ఒక్కొక్క రాత్రి కొంత జరుపుచు చేనంతయు చుట్టివత్తురు. మిరపకు బలమైన నేల కావలెను గనుక, సంచుల ఎరువు ఎంత వచ్చినను మందకై కబురుపెట్టు రైతులు ఇంకను ఉన్నారు. అయితే 1967లో నాగార్జునసాగరు నీరు కాలువలకు వచ్చిన తరువాత వేసవి దాక పైరు నిలుచు చేలు పెరిగినవి, ఖాళీచేలు తగ్గినవి. ఏ చేనిలో పురుగుమందు ఎప్పుడు చల్లిరో అడిగి తెలిసికొనుట కాపరి విద్యలో క్రొత్తగా చేరిన పాఠము.

పడక యెక్కడ వేయవలెను? గట్టువార ఎండుగడ్డి మెత్తగానున్న చోటు నేను చూపితిని. పెద్దాయన తల అడ్డముగా ఊపెను. గట్టు బొరియలలో ఎలుకలుండును. ఎలుకలకై పాములు వచ్చును. రక్తపింజరి తిరుగునది రాత్రివేళనే. ఇక రేగడిమట్టి నీరు పీల్చి ఉబ్బును, ఎండి ముడుచుకొనును. అందుచేత వేసవిలో చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. వానిలో తేళ్లు దాగును; గొఱ్ఱెపిల్ల కాలు ఇరుకుకొనిన విరుగును. కావున వేసవిదుక్కి దున్ని నెఱ్ఱెలు పూడిన చెక్కలో మందను నిలిపి, పిల్లలను గంపలక్రింద మూసి, నాలుగు మూలల నలుగురము పడుకొంటిమి. నాలుగవ మూల నాది.

నేను టార్చిలైటుతో నలుదెసల వెదకుచుండగా ఆయన, "నడిచేటప్పుడు వేసుకోండి బాబుగారూ, కూర్చున్నప్పుడు ఆర్పండి. దాని వెలుగులో మూరెడు నేలే కనపడుద్ది. ఆర్పితే చేనంతా కనపడుద్ది" అనెను. నిజమే. కన్ను చీకటికి అలవాటుపడుటకు 20, 30 నిమిషములు పట్టును. అంతసేపు ఓపికపట్టిన పిమ్మట ఒక్కొక్క గొఱ్ఱె తెలియవచ్చినది. ఉత్తరమున ధ్రువుడు దిగంతమునకు దాదాపు 16 డిగ్రీల ఎత్తున, అనగా చాచిన చేతి పిడికిలికి ఒకటిన్నర రెట్ల ఎత్తున ఉండెను. మన అక్షాంశము 16 గనుక ఆయన ఎత్తును అంతే. ఆగ్నేయమున వృశ్చికరాశి లేచినది. తేలు కొండి పూర్తిగా పైకి వచ్చినపుడు మందను ఒకసారి లేపి జరుపవలెనని పెద్దాయన లెక్క.

రెండుజాములు కావచ్చినది. అంతవరకు పడమటి నుండి వీచుచున్న వేడిగాలి ఒక్కసారిగా ఆగినది. దూరమున మెఱుపు తళుక్కుమనుచుండెను గాని ఉరుము వినరాలేదు. గొఱ్ఱెలు తలలెత్తినవి. "లేవండిరా, గరపకు తోలాలి" అని పెద్దాయన కేక వేసెను. గరప యనగా అరమైలు దూరముననున్న కంకర మెరక. నేను ధ్వనిముద్రణ యంత్రమును సర్దుకొనుచుండగానే మనుమడు రెండు పిల్లలను చంకల నిడుకొని నడిచెను. దారిలో పెద్ద తుమ్మచెట్టు కనబడగా, దానిక్రింద ఆగుదమంటిని. ఆయన వినలేదు. మెరక కొననైనను నిలువక, వాలున, చెట్టుకు దూరముగా మందను విడివిడిగా నిలిపెను. కొంతసేపటికి చల్లని ఈదురుగాలి, దాని వెనుక వాన. గొంగళిక్రింద గొంతుకూర్చుండి, మెఱుపునకు ఉరుమునకు నడుమ లెక్కపెట్టితిని. తొమ్మిది సెకండ్లు, అనగా 3 కిలోమీటర్లు. తరువాత ఆరు.

ఇందులో మంత్రమేమియు లేదు. ఉరుముమేఘము నుండి దిగిన చల్లగాలి వానకు ముందే నేలవెంట పరుగెత్తును; దానికి ముందు వేడిగాలి ఆగుట ఒక సూచన. పిడుగు ఒంటరిచెట్టును సులభముగా తాకును. తాకిన విద్యుత్తు నేలవెంట వ్యాపించును. ముందుకాళ్లకు వెనుకకాళ్లకు ఎడమున్న పశువులకు అది మఱింత ప్రమాదము. చెట్టుక్రింద గుమిగూడిన మందలు ఒక్క పిడుగునకే కూలిన సందర్భములు కలవు. బయలు క్షేమమని దీని అర్థము కాదు. పక్కా ఇల్లుగాని, మూసిన మోటారుగాని అందుబాటులోనున్న అందులోనికి పోవుటే మేలు. మాకు అవి లేవు. పైగా రేగడి తడిసినచో బంకవలె కాళ్లకు పట్టును. పిల్లలున్న మంద అందులో కదలలేదు.

ఇట్టి రాత్రి గడపగోరువారు కాపరిని ముందే అడిగి, ఆయన శ్రమకు తగిన సొమ్ము ముందే మాట్లాడుకొనవలెను. కాలిని మూయు బూట్లు, చాలినంత నీరు ఉండవలెను. ఆయన లెమ్మన్నపుడు కారణ మడుగక లేవవలెను.

తెల్లవారుసరికి వాన వెలిసినది. ఒక్క పిల్లయు పోలేదు. మేము విడిచిన చేనిలో నా కాలు చీలమండ దాక దిగినది. ఆసామి వచ్చి, "రాత్రి మంద నా చేలో నిలవలేదుగా" అనెను. "లేదయ్యా. ఇంకో రాత్రి పెడతాను. దానికి డబ్బు అడగను" అని పెద్దాయన బదులు చెప్పెను. ఆ రాత్రి కూలి ఆయనకు పోయినది.

మనుమడు పట్టణమున పదవతరగతి చదువుచున్నాడు, సెలవులకు వచ్చినాడు. ఈ పని నీవును చేయుదువా అని అడిగితిని. "బడి తెరవగానే పోతానండి" అనెను. పెద్దాయన ఆ మాట విననట్లు గంపలు ఎత్తుచు, "రాత్రి గాలి ఎప్పుడు ఆగిందిరా?" అని అడిగెను.

"నువ్వు లేవకముందే, తాతా" అనెను కుర్రవాడు.