పిప్పిపళ్లకు ఫ్లోరైడు పూత... ఫ్లోరైడు నీళ్ల ఊళ్లో పనికొస్తుందా?

పాలపళ్లే కదా, ఎట్లాగూ ఊడిపోయేవే కదా అని పిల్లల పిప్పిపళ్లను పట్టించుకోని తల్లులు మనలో చాలామందే ఉన్నారు. బిడ్డ పన్నుపోటుతో రాత్రంతా ఏడిస్తే తప్ప డాక్టరు గుర్తుకురాడు. కానీ పాలపన్ను వేళకు ముందే పోతే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తర్వాత వచ్చే అసలు పన్నుకు చోటు చాలక వంకరగా మొలుస్తుంది.

సరే, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారు. "ఫ్లోరైడు పూత వేద్దామా?" అని ఆయన అడిగితే మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు తల్లులకు గుండె గుభేలుమంటుంది. బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువన్న మాట పాత అనంతపురం జిల్లాలో (2022 నుంచి మన వైపు శ్రీ సత్యసాయి జిల్లా) ఏనాటినుంచో వింటున్నదే. సరిహద్దు అవతల పావగడ వాళ్లదీ అదే బాధ. "నీళ్లలో ఉన్నది చాలదా, పైన మళ్లీ పూయించాలా?" అని మీరు అడగడం న్యాయమే!

తేడా అంతా మింగే ఫ్లోరైడుకూ, పంటిమీద పూసే ఫ్లోరైడుకూ మధ్య ఉంది. తీపి తిన్నాక నోట్లోని క్రిములు ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. అది పంటిపైన మెరిసే ఎనామిల్ పొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. కరిగినదాన్ని లాలాజలం మళ్లీ పూడుస్తూ ఉంటుంది. పంటికి తగిలేలా కాస్త ఫ్లోరైడు ఉంటే ఆ పూడ్చే పని గట్టిగా జరుగుతుంది. పూత చేసే మేలు ఇదే.

మింగినది వేరు. ఎనిమిదేళ్లలోపు చిగుళ్ల లోపల అసలు పళ్లు తయారవుతుంటాయి. అప్పుడు ఒంట్లోకి ఫ్లోరైడు ఎక్కువ పోతే ఎనామిల్ సరిగా గట్టిపడదు. సున్నం చల్లినట్టు తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు పడతాయి. అది గార కాదు, ఎంత తోమినా పోదు. ఈ ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో తొలిసారి 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ ఊళ్లోనైతే పళ్లు పుచ్చకుండా 1945లో తాగునీటిలో ఫ్లోరైడును కలపడం మొదలుపెట్టారు. వాళ్లు కలుపుకున్నదాన్ని మనం తీసేసుకోవాల్సి వస్తోంది! అన్నట్టు, మచ్చలున్న పళ్లు పుచ్చవనుకోకండి. మచ్చలు ముదిరి గుంటలు పడితే పన్ను పెళుసవుతుంది.

అందుకే ముందు నీళ్ల సంగతి చూడండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటకూడదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించవచ్చు. కాచి చల్లార్చితే ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. గుడ్డలో వడపోసినా అంతే. ఆర్.ఓ. యంత్రం తగ్గిస్తుంది. వాననీళ్లలో దాదాపు ఉండదు. మంచినీళ్లు తాగడానికి ఉంచి, సంగటికీ పప్పుకూ బోరునీళ్లు పోస్తే ఏం లాభం? వంటకూ ఆ మంచినీళ్లే వాడండి. తేయాకులోనూ ఫ్లోరైడు ఉంది కాబట్టి పిల్లలకు టీ అలవాటు చేయకండి.

ఇక పేస్టు. టీవీ ప్రకటనలో లాగా బ్రష్షు పొడవునా పిండకండి. మూడేళ్లలోపు బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మించాలి. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని తేలితే, ఉమ్మడం రాని బిడ్డకు ఏ పేస్టు వాడాలో నీటి పరీక్ష కాగితం చూపించి డాక్టరునే అడగండి. అట్లాంటి ఊళ్లో ఫ్లోరైడు మాత్రలు, చుక్కలు మాత్రం అసలు వద్దు.

పూత సంగతంటారా, అది జిగురులాంటి మందు. కొన్ని చుక్కలే, చిన్న బ్రష్షుతో నిమిషాల్లో పూసేస్తారు. నొప్పి ఉండదు. పంటికి అంటుకుపోతుంది కాబట్టి కడుపులోకి పోయేది బహు తక్కువ. మూడు నుంచి ఆరు నెలలకోసారి వేస్తారు. ఆ పూట బ్రష్షు వేయకూడదు, గట్టివి, వేడివి పెట్టకూడదు. పళ్లు పసుపుపచ్చగా కనిపిస్తే కంగారుపడకండి, తోమితే పోతుంది. అప్పటికే గుంట పడిన పన్నును ఇది పూడ్చదు. దానికి సిమెంటు పెట్టించాల్సిందే.

నన్నడిగితే మన వైపు పిల్లలందరికీ పూత అక్కర్లేదు. ఇదివరకే పిప్పిపళ్లు ఉన్నవాళ్లకూ, రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోయే అలవాటున్నవాళ్లకూ అడిగి వేయించండి. నెలకోసారి బిడ్డ పైపెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున కొత్తగా తెల్లని గీత కనిపిస్తే అది పుచ్చు మొదలైన గుర్తు కావచ్చు, పూతకు అదే సరైన సమయం.

ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక దవడపన్ను వస్తుంది. చాలామంది తల్లులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. అది జన్మంతా ఉండాల్సిన పన్ను. దాని గాడుల్లో తిండి ఇరుక్కోకుండా మూసే పూత వేరే ఉంది, అది కూడా అప్పుడే అడగండి.