దుబాయ్ బడిలో కొత్త టీచరు

నెలకు 6,000 దిర్హాములని ఆఫర్ లెటర్‌లో కనబడగానే చాలామంది ఫోన్ తీసి అది ఎన్ని రూపాయలవుతుందో లెక్క చూసుకుంటారు. జీతం మీద ఆదాయపు పన్ను లేని దేశం కనుక ఆ అంకె ఇంకా ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ కాగితంలో ముందు చూడాల్సింది బేసిక్ ఎంతన్నది.

యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ఏడాది పూర్తిచేసిన ఉద్యోగికి మానేసేటప్పుడు గ్రాట్యుటీ ఇవ్వాలి. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల జీతం చొప్పున, ఆపైన 30 రోజుల చొప్పున లెక్క కడతారు. ఈ లెక్కంతా బేసిక్ మీదే. ఇంటి అద్దె, రవాణా అలవెన్సులు ఇందులోకి రావు. 6,000 జీతంలో 4,000 బేసిక్ ఉన్న టీచరుకు ఐదేళ్లకు 14,000 దిర్హాములు వస్తాయి. అంతే జీతంలో 2,500 మాత్రమే బేసిక్‌గా చూపిస్తే వచ్చేది 8,750. పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లు కూడా ఈ తేడాను గమనించకుండా సంతకం పెట్టడం బాధాకరం.

దుబాయ్‌లో ప్రైవేటు బడులు రెండొందలకు పైగా ఉన్నాయి. బ్రిటిష్ సిలబస్ చెప్పేవి ఎక్కువ, మన సీబీఎస్ఈ లాంటి భారతీయ సిలబస్‌వీ ఉన్నాయి. భారతీయ బడులకు ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలవుతాయి, బ్రిటిష్ బడులకు ఆగస్టు చివర్లో. బీఈడీ చేసి కొన్నేళ్లు పాఠాలు చెప్పిన మన టీచర్లకు అక్కడ అవకాశాలున్నాయి, కాగితాలు సిద్ధంగా ఉంటే.

కాగితాలే అసలు జాప్యం. ఒక దేశపు సర్టిఫికెట్లను మరో దేశం ఒకే ముద్రతో అంగీకరించే అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005లో చేరింది కానీ, యూఏఈ అందులో లేదు. కాబట్టి డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లకు ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర వేయాలి. అక్కడికి చేరాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర మరొకటి. పోలీసు క్లియరెన్సు వేరే. ఉద్యోగం ఖాయమయ్యాక మొదలుపెడదామనుకుంటే బడి తెరిచే రోజు ముంచుకొస్తుంది.

ఏజెంటు విషయంలో మొహమాటం వద్దు. మన ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు సేవల కింద తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. రిజిస్టరైనవాళ్లెవరో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. నియామకపు ఖర్చులు ఉద్యోగి నుంచి రాబట్టకూడదని యూఏఈ చట్టం యాజమాన్యాలకు చెబుతోంది. విజిట్ వీసా మీద వచ్చి చేరిపొమ్మంటే వినవద్దు, ఆ వీసాతో పనిచేయడం అక్కడ నేరం.

దిగాక రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఎమిరేట్స్ ఐడీ, బ్యాంకు ఖాతా వరసగా సాగుతాయి. మొదటి జీతం చేతికొచ్చేదాకా ఖర్చులకు కొంత డబ్బు వెంట ఉండాలి.

ఇక తరగతి గది. అక్కడి బడులను తనిఖీ చేసే పద్ధతి 2008లో మొదలైంది. పరిశీలకులు వెనక బెంచీలో కూర్చుంటే చూసేది టీచరు ఎంత ధారాళంగా మాట్లాడారని కాదు, పిల్లలకు ఏం అబ్బిందని. ఇక్కడ అరవైమంది ముందు గంటసేపు ఏకబిగిన చెప్పడం అలవాటైన టీచరుకు, ఒకే గదిలో అరబిక్, ఉర్దూ, మలయాళం ఇంటిభాషలుగా ఉన్న పిల్లలను ప్రశ్నలతో మాట్లాడించడం కొత్త విద్యే. చేయి చేసుకోవడం ఊసే ఎత్తకూడదు. శుక్రవారం ఒంటిపూట బడి, శని ఆదివారాలు సెలవు. రంజాన్ నెలలో బడివేళలు కుదించుకుపోతాయి.

ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఆ గడువులో తీసేయాలన్నా యాజమాన్యం 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. పాస్‌పోర్టు తీసుకుని దాచిపెట్టే హక్కు ఏ బడికీ లేదు. ఇబ్బంది ఎదురైతే మన కాన్సులేట్ ఆధ్వర్యంలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. దాని ఉచిత ఫోన్ నంబరు 800 46342.