గాలాల లెక్క తేల్చే కెమెరా

ఆదివారం పొద్దున్నే విజయవాడలో కాలువ గట్ల వెంట, ప్రకాశం బ్యారేజీ దిగువన గాలాలు వేసుకుని కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. వాళ్ల చూపంతా నీటి మీద తేలే బెండు మీదే. చేప పడితే ఇంటికి కూర, పడకపోయినా పొద్దు గడుస్తుంది. వల వేసే మత్స్యకారుడి చేప మార్కెట్‌కు వస్తుంది కాబట్టి ఎంతో కొంత లెక్కకు అందుతుంది. గాలానికి పడిన చేప మాత్రం సంచిలో నేరుగా వంటింటికి వెళ్తుంది. ఒక్కొక్కరికి దొరికేది తక్కువే. ఏడాది పొడవునా అందరిదీ కలిపితే ఎంతవుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు కోసమే న్యూజిలాండ్‌లోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ సరదాగా చేపలు పట్టేవాళ్లు పడవలు దించే రేవుల్లో కెమెరాలు పెట్టారు. రోజంతా గట్టున మనిషిని నిలబెట్టడం ఖర్చుతో కూడిన పని. కెమెరా అయితే రాత్రీపగలూ, వానలోనూ చూస్తూనే ఉంటుంది.

అయితే కెమెరా మనుషులను లెక్కపెడుతుందే తప్ప చేపలను కాదు. సంచిలో ఉన్నది బొచ్చె అయినా శీలావతి అయినా దానికి కనపడదు. అందుకే ఈ పద్ధతికి రెండు కాళ్లు: ఒకటి ఫొటో, రెండోది గట్టు మీదికెళ్లి అడిగే మనిషి.

ఒక ఊహాలెక్క చూద్దాం. ఒక రేవులో ఆదివారం గంటకొకటి చొప్పున 12 ఫొటోలు తీశాం. వాటన్నిటిలో కలిపి 96 గాలాలు కనిపించాయి. ఒక్కో ఫొటో ఒక్కో గంటకు గుర్తు కాబట్టి ఆ రోజు వేట 96 గాలం-గంటలు. అదే రోజు కొందరిని అడిగితే, అందరివీ కలిపి 25 గాలం-గంటల్లో 5 కిలోలు పట్టారని తేలింది. అంటే గంటకు 200 గ్రాములు. 96ను 200తో గుణిస్తే సుమారు 19 కిలోలు. సెలవు రోజులకు వేరుగా, పనిదినాలకు వేరుగా ఇలా లెక్క కట్టాలి. గేట్లెత్తిన వరద రోజులు, కాలువలు కట్టేసిన వేసవి రోజులు కూడా దేనికదే. చెట్టు చాటున కూర్చున్నవాళ్లు కెమెరాకు చిక్కరు. కాబట్టి అప్పుడప్పుడు గట్టు వెంట నడిచి ఫొటో లెక్కను సరిచూసుకోవాలి.

కృష్ణా డెల్టాకు కెమెరా లెక్క కొత్తేమీ కాదు. నది సముద్రంలో కలిసేచోట మడ అడవుల్లో చేపలు పట్టి బతికే నీటిపిల్లిని కెమెరాలతోనే గమనిస్తున్నారు. ఒంటి మీది మచ్చలను బట్టి ఏ పిల్లి ఏదో గుర్తిస్తారు. గట్టు మీద మనిషి విషయంలో మాత్రం ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా చేయాలి. గాలం కనపడాలి, ముఖం కనపడకూడదు. కెమెరాను దూరంగా, ఎత్తులో పెడితే అది సాధ్యమే. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో మన దేశం చట్టం చేసుకుంది. ఆ స్ఫూర్తి గట్టు మీదా నిలవాలి.

నీళ్లలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి చట్టమే నిషేధించింది. ఆ నేరాలను పట్టుకోవడం వేరే పని. లెక్కల కెమెరాను కాపలా కెమెరాగా మారిస్తే జనం మరో గట్టుకు పోతారు. అప్పుడు లెక్కా తప్పుతుంది, నమ్మకమూ పోతుంది.

ఈ లెక్క ఎందుకో కొరమీనును చూస్తే తెలుస్తుంది. దాని తల్లిదండ్రులు పిల్లలను కాచుకుంటూ తిరుగుతాయి. ఆ రోజుల్లో పెద్దచేపను పడితే పిల్లల గుంపంతా దిక్కులేనిదవుతుంది. ఏ నెలలో, ఏ రేవులో గాలాలు ఎక్కువో తెలిస్తేనే ఎక్కడ ఆగమని చెప్పాలో తెలుస్తుంది. మత్స్యశాఖ ఒక్క రేవుతోనైనా ఇది మొదలుపెట్టాలి. గాలం వేసే మిత్రులారా, రేపు ఎవరైనా పుస్తకం పట్టుకొచ్చి ఎన్ని పడ్డాయని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కెమెరాకు అందని సగం లెక్క మీ దగ్గరే ఉంది.