వాహనపు ఏరియల్ – కనిపించని సగము

1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచివేసినప్పుడు అపారమైన ప్రాణనష్టముతో పాటు మరొక కష్టము కూడ సంభవించినది. తంతి స్తంభములు కూలిపోవుటచే ఏ గ్రామమున ఎవరు మిగిలియున్నారో బయటివారికి తెలియుటకే కాలము పట్టినది. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు ఒక్కసారి పొంగి కర్నూలు పట్టణమును, అప్పటి మహబూబ్‌నగరు జిల్లాలోని అలంపురమును నీట ముంచినప్పుడు మన ఉభయ జిల్లాల వారికి కూడ అట్టి అనుభవము ఎదురైనది. తీగ తెగిన చోట మాటను మోయగలిగినది రేడియో తరంగము మాత్రమే.

ఇందుకు మన హైదరాబాదు వారి ఉదాహరణ ఒకటి కలదు. 1983లో ఆ నగరమున నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ బృందము 2004 డిసెంబరులో అండమాను దీవులలోని పోర్టు బ్లెయిరులో ఉండి, ప్రపంచములోని అభిరుచి గల వారితో సంభాషించుచుండెను. ఆ నెల 26వ తేదీన సునామీ వచ్చినది. వినోదముగా నెలకొల్పిన ఆ యంత్రములే దీవుల క్షేమసమాచారమును ప్రధాన భూభాగమునకు అందజేసినవి.

అయితే ఆపద ఎల్లప్పుడు మన రేడియో ఉన్న చోటికే రాదు. మనమే రేడియోతో ఆపద ఉన్న చోటికి పోవలెను. అనగా దానిని వాహనమున అమర్చవలెను. అట్లు అమర్చిన హెచ్.ఎఫ్. రేడియోలో మిక్కిలి మొండికెత్తు భాగము ఏరియల్. అది ఎందుకు 'ట్యూన్' కాదో, లోపమును ఏ క్రమమున వెదకవలెనో ఈ వ్యాసమున వివరింప యత్నింతుము.

మొదట హెచ్.ఎఫ్. ఎందుకని ప్రశ్న రావచ్చును. నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతమంతయు గుట్టలు, బోడుల నేల. దక్షిణమున నల్లమల అడవియు, అమ్రాబాదు పీఠభూమియు, కృష్ణానది లోతైన లోయయు ఉన్నవి. అధిక పౌనఃపున్యము గల వి.హెచ్.ఎఫ్. తరంగములు ఇంచుమించు వెలుతురు వలె నేరుగా పోవును. గుట్ట అడ్డమైనచో ఆగును. సెల్‌ఫోనుకు కూడ ఇదే చిక్కు. 3 నుండి 30 మెగాహెర్ట్జుల వరకు గల హెచ్.ఎఫ్. తరంగములలో తగిన వానిని ఆకాశమునకు పంపినచో, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున గల అయనావరణము వానిని తిరిగి భూమికి వంచును. మన్ననూరు ఘాటునకును హైదరాబాదునకును మధ్య ఎన్ని గుట్టలున్నను పైనుండి దిగు మాటకు అడ్డు లేదు.

ఇక చిక్కు ఎక్కడ వచ్చునో చూతము. అమెచ్యూర్లు వాడు 7.1 మెగాహెర్ట్జుల తరంగదైర్ఘ్యము సుమారు 42 మీటర్లు. అందు నాలుగవ వంతు, అనగా పదిన్నర మీటర్ల చువ్వ నిలిపినచో అది సహజముగా అనునాదము పొందును. కాని అంత పొడుగు చువ్వతో జీపు నడుచునా? కనుక ఎనిమిది అడుగుల చువ్వతో సరిపెట్టుకొని, కొరతపడిన పొడవునకు బదులుగా మొదట ఒక తీగచుట్టను చేర్చుదురు. ఈ పొట్టి ఏరియల్ నిజముగా తరంగముగా మార్చు శక్తిని నిరోధరూపమున చెప్పినచో ఒక ఓము కంటె కొంచెము ఎక్కువ మాత్రమే. తీగచుట్టలో వ్యర్థమగునది నాలుగు ఓములు, నేలలోను వాహనపు ఇనుములోను వ్యర్థమగునది ఎనిమిది ఓములు అనుకొందము. అప్పుడు నూరు వాట్లు పంపినచో ఆకాశమునకు చేరునది పది వాట్లు; మిగిలినది వేడియై పోవును. కనుక ఇచ్చట ఒక్కొక్క ఓము విలువైనది.

పాఠకులు ఒక్క విషయమును గుర్తుంచుకొనవలెను. మన కంటికి కనబడు చువ్వ ఏరియల్‌లో సగము మాత్రమే. రెండవ సగము వాహనపు ఇనుప శరీరమును, దాని క్రింది నేలయును. చువ్వలోనికి ఎంత విద్యుత్తు ఎక్కునో అంతయు ఈ రెండవ సగము గుండా తిరిగి రావలెను. మన చెలక నేలలు, రాతి నేలలు ఎండిన కాలమున విద్యుత్తునకు మంచి దారి కావు. తడిసిన రేగడి నేల వానికంటె మేలు. నేలను మార్చుట మన చేతిలో లేదు. వాహనమును చక్కబరచుట మన చేతిలోనే ఉన్నది.

ఈ సత్యము మాకు పుస్తకమున గాక డిండి చెరువు కట్టపై బోధపడినది. లైసెన్సు గల మిత్రుడొకరు తమ పాత జీపునకు వెనుక బంపరుపై చువ్వను బిగించి, మమ్ము వెంట తీసుకొని శ్రీశైలము బాటన బయలుదేరిరి. కళాశాల ఆవరణలో ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు 1.4 చూపినది. ఏరియల్ నుండి వెనుకకు మరలి వచ్చు శక్తి ఎంత తక్కువైన ఈ సంఖ్య అంత 1కి చేరువగును; కనుక అందరము సంతోషించితిమి. బాటలో గుంతలు వచ్చిన ప్రతిసారి ముల్లు ఎగిరి పడుచుండెను. ప్రమాదమును పసిగట్టిన రేడియో తన శక్తిని తానే తగ్గించుకొనుచుండెను. హైదరాబాదులోని మరొక మిత్రునకు మా మాటలు ముక్కలు ముక్కలుగా వినబడినవి. డిండి వద్ద ఆగి రెండు గంటలు చువ్వను పొడిగించుచు కుదించుచు గడిపితిమి. ఫలితము శూన్యము. దోషము చువ్వలో లేదు కదా!

తుదకు ఒకరు బంపరు బోల్టును విప్పి చూచిరి. ఏరియల్ బిగించిన చోట మెరుగు రంగు చెక్కుచెదరక ఉన్నది. రంగు విద్యుత్తును పోనీయదు. బోల్టు మరలపై ఎక్కడనో చిన్న గీటు ద్వారా మాత్రము ఇనుము ఇనుమును తాకుచుండెను. జీపు కుదిపినప్పుడు ఆ స్పర్శ కూడ తప్పుచుండెను. గరుకు కాగితముతో రంగును గీకి, పండ్ల వాషరు వేసి బిగించి, బంపరు నుండి చాసిస్‌కు వెడల్పైన రాగి జడపట్టీని కలిపితిమి. ముల్లు కదలక నిలిచినది, కాని 1.4 వద్ద కాదు, మూడు దాటి నిలిచినది! "ఉన్నదానిని కూడ చెడగొట్టితిరి" అని మిత్రులు విచారించిరి.

నిజమునకు చెడలేదు, బాగుపడినది. మీటరు కోరునది 50 ఓములు. ముందు చెడ్డ అతుకుల వలన వృథా నిరోధము ముప్పది అయిదు ఓముల వరకు పెరిగి, 50కి దగ్గరగా వచ్చి, మీటరును మభ్యపెట్టినది. అతుకు బాగుపడిన పిదప మొత్తము పదమూడు ఓములకు దిగినది. 50ని 13చే భాగించినచో దాదాపు నాలుగు. అనగా పొట్టి చువ్వపై ఏ సర్దుబాటు లేకుండ మీటరు మంచి సంఖ్య చూపినచో సంతోషింపక సందేహింపవలెను. అంగుళము వ్యాసమున ఆరు చుట్ల తీగచుట్టను చువ్వ మొదటికిని చాసిస్‌కును నడుమ కలిపి, చువ్వను కొంచెము కుదించగా ముల్లు దిగివచ్చినది. హైదరాబాదు మిత్రుడు ఈసారి మా మాటలను పూర్తిగా తిరిగి చెప్పెను. ఆనాడు మాపై ఎవరి ప్రాణమును ఆధారపడి లేదు. అలంపురమువంటి వరదలో ఆ రెండు గంటలు పోయియున్నచో ఏమగునని తిరుగుబాటలో అందరమును ఆలోచించితిమి.

ఆ అనుభవమును బట్టి వెదకవలసిన క్రమమును ఇట్లు చెప్పవచ్చును. మొదట ఏరియల్‌ను విప్పి, దాని చోట 50 ఓముల డమ్మీ లోడును కేబులు చివర తగిలింపవలెను. ముల్లు 1 వద్ద నిలిచినచో రేడియోయును కేబులును నిర్దోషులు. నిలువనిచో కేబులు కొనలను కదిపి చూడవలెను. తలుపు సందున నలిగిన చోటు, వాననీరు చొరబడిన కొన, సరిగా అతుకని టంకము – సామాన్యముగ ఇవే కారణములు.

రెండవది ఎర్తు. ఏరియల్ అడుగున రంగు, తుప్పు లేకుండ చూడవలెను. బానెటు, తలుపులు, సైలెన్సరు గొట్టము మొదలగు వానిని పొట్టి వెడల్పు జడపట్టీలతో చాసిస్‌కు కలుపవలెను. మల్టీమీటరు సున్న ఓములు చూపినదని తృప్తి పడరాదు; బ్యాటరీ విద్యుత్తునకు చాలిన సన్నని తీగ రేడియో విద్యుత్తునకు చాలదు.

మూడవది విద్యుత్ సరఫరా. నూరు వాట్ల రేడియో మాట్లాడునప్పుడు ఇరువది ఆంపియర్లు లాగును. సన్నని తీగలైనచో వోల్టేజి పడిపోయి, ఆటోమేటిక్ ట్యూనరు మధ్యలో మతి తప్పి మరల మరల వెదకుచుండును. ఫ్యూజు ఉంచి నేరుగా బ్యాటరీ నుండి లావు తీగలు తీయవలెను. ట్యూనరు కంట్రోలు తీగపై ఫెర్రైటు చుట్టను తొడిగినచో రేడియో శక్తి దానిలో చొరబడదు.

ఇవన్నియు ముగిసిన పిదపనే చువ్వను ముట్టవలెను. అనునాదము తక్కువ పౌనఃపున్యమున కనబడినచో కుదింపవలెను, ఎక్కువలో కనబడినచో పొడిగింపవలెను. ఒక్కసారికి అరంగుళము చాలును. ఈ పని మైదానమున, తలుపులు మూసి, మనుష్యులు దూరముగ నిలిచి చేయవలెను. చెట్టు క్రిందను, రేకుల షెడ్డులోను చేసిన ట్యూనింగు బాటపై నిలువదు.

ట్యూనరును గూర్చి ఒక మాట. అది రేడియో ప్రక్కననే ఉన్నచో, మీటరును శాంతింపజేయును గాని కేబులులోని నష్టమును తగ్గింపదు. చువ్వ మొదట ఉన్న ట్యూనరు మేలు. అదైనను ఎర్తును సృష్టింపలేదు.

అంతయు సరియై కూడ సమీప పట్టణము వినబడకపోవచ్చును. ఇది ట్యూనింగు దోషము కాదు. నిలువు చువ్వ నడినెత్తిపైకి తరంగమును అంతగా పంపదు. నూరు కిలోమీటర్ల దూరమునకు కావలసినది అట్టి తరంగమే. వాహనమును నిలిపి చువ్వను వాల్చి కట్టి, మరల ట్యూన్ చేసినచో తరచు మేలు కలుగును. రాత్రివేళ 7 పనిచేయనిచో 3.5 మెగాహెర్ట్జులకు దిగవలెను.

చివరగా ఒక హెచ్చరిక. పైన చెప్పిన చువ్వకు నూరు వాట్లు పంపినప్పుడు తీగచుట్టపై రెండు వేల వోల్టులకు మించి నిలుచును. మాట్లాడుచున్నప్పుడు తాకినచో చర్మము కాలును. కరెంటు తీగల క్రింద చువ్వను నిలుపనే రాదు. కేంద్రప్రభుత్వపు లైసెన్సు లేనివారు ప్రసారము చేయరాదు. పరీక్షకు కూర్చుండి లైసెన్సు పొందుట విద్యార్థులకు అసాధ్యమేమియు కాదు.

కనబడు చువ్వను సవరించుట సులభము, కనబడని అతుకును వెదకుట శ్రమ. కాని ఆపద వేళ మాటను దాటించునది ఆ అతుకే. వాన రాకముందే, ఎండలో నిలిచియున్న వాహనము వద్దనే ఆ శ్రమ పడుదుము గాక!