గోల్కొండ ఎరిగిన కథ

టర్కీలో ఓ పిల్లవాడు. నాన్న దూరమయ్యాడు. అమ్మ కన్నీళ్లు చూడలేక కాగితం, కలం తీసుకుని నేరుగా అల్లాకే ఉత్తరాలు రాస్తాడు. చాలా ఏళ్ల తర్వాత, అవి రాసిన సంగతే మరిచిపోయిన వయసులో, ఆ ఉత్తరాలు మళ్లీ అతని ముందుకొస్తాయి.

పాకిస్తాన్‌ చానల్ జియో ఎంటర్‌టైన్‌మెంట్‌లో 2019 అక్టోబరు 5న మొదలై 2020 మార్చిలో ముగిసిన ఉర్దూ సీరియల్ ‘అలిఫ్’కు ఆ ఉత్తరాలే ఆయువుపట్టు. రచన ఉమేరా అహ్మద్, దర్శకత్వం హసీబ్ హసన్. మొత్తం 24 భాగాలు, వారానికి ఒక్కటి. వెయ్యి భాగాలు దాటే డైలీ సీరియళ్లకు అలవాటుపడిన తెలుగు ప్రేక్షకులకు ఈ లెక్కే కొత్తగా ఉంటుంది.

పెద్దయ్యాక ఆ పిల్లవాడు తళుకుబెళుకుల సినిమాలు తీసే డైరెక్టర్ ఖల్బ్‌-ఎ-మోమిన్ అవుతాడు. పాత్రధారి హమ్జా అలీ అబ్బాసీ. తాత అబ్దుల్ ఆలా టర్కీలో పేరున్న లిపికళాకారుడు. నీ కళ దేనికోసం అని ఆయన అడిగిన ప్రశ్న మనవణ్ని నిద్రపోనివ్వదు. మరోవైపు మోమినా సుల్తాన్‌గా సజల్ అలీ. కిడ్నీలు పాడైన తమ్ముడి వైద్యం కోసం చిన్నాచితకా వేషాలు వేసే అమ్మాయి. ఆడిషన్‌లో దర్శకుడి ధోరణి నచ్చక ముఖంమీదే నాలుగు మాటలని బయటికి నడుస్తుంది. ఆ ఇద్దరూ దగ్గరయ్యే తీరు చూడముచ్చటగానే ఉంటుంది. అయితే సీరియల్ గుండె మాత్రం వెనకటి తరం ప్రేమలో ఉంది. మోమిన్ తల్లి హుస్న్‌-ఎ-జహాన్ సినిమా తార, నర్తకి. తండ్రి తాహా లిపికళాకారుడు. కొడుకు ఒక నర్తకిని పెళ్లాడటాన్ని అబ్దుల్ ఆలా సహించలేడు. దైవనామాలను అంత అందంగా రాసే చేతులు ఒక మనిషిని అంత కఠినంగా తోసేయడం, ఆ తర్వాత జీవితమంతా పశ్చాత్తాపంతో కుమిలిపోవడం... ఆ పాత్రలో మంజర్ సెహబాయి మౌనం కూడా మాట్లాడుతుంది. నడుమ కొన్ని భాగాల్లో ఉపదేశం పాళ్లు ఎక్కువై కథ నెమ్మదించిన మాట నిజం. కుబ్రా ఖాన్ హుస్న్‌-ఎ-జహాన్‌గా కనిపించిన ప్రతిసారీ ఆ లోటు తీరిపోతుంది.

సీరియల్ ఇంకా ప్రసారమవుతుండగానే, 2019 నవంబరులో, హమ్జా అలీ అబ్బాసీ నటనకు సుదీర్ఘ విరామం ప్రకటించారు. మతం, దైవం గురించి మాట్లాడేందుకే ఇక తన సమయమని చెప్పారు. తెరమీద మోమిన్ పడుతున్న మథనం నటుడి మనసులోనూ నడుస్తోందా అని ప్రేక్షకులు విస్తుపోయారు. తర్వాత ఆయన మళ్లీ నటనలోకి వచ్చారు.

కథలోని రెండు పేర్ల దగ్గర కాసేపు ఆగాలి. తల్లి హుస్న్, అంటే సౌందర్యం. కొడుకు ఖల్బ్, అంటే హృదయం. ఈ జోడీని తెలుగు నేల నాలుగు వందల ఏళ్ల కిందటే చూసింది. 1635లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా కోరికపై ముల్లా వజ్హీ దక్కనీ ఉర్దూలో ‘సబ్‌రస్’ రాశాడు. ఉర్దూలో తొలి సాహిత్య వచనంగా చాలామంది పండితులు లెక్కించే గ్రంథం అది. పారశీకంలో నిషాపూర్ కవి ఫత్తాహీ చెప్పిన కథే దానికి ఆధారం. బుద్ధి అనే రాజుకు హృదయం అనే కొడుకు, ప్రేమ అనే రాజుకు సౌందర్యం అనే కూతురు. అమృతజలం ఎక్కడుందో కనిపెట్టమని హృదయం తన గూఢచారి అయిన చూపును పంపిస్తాడు. ఆ వెతుకులాట సౌందర్యం ఉండే నగరానికి చేరుస్తుంది. ఇద్దరు రాజుల మధ్య యుద్ధం జరుగుతుంది. బుద్ధి ఓడిపోతుంది, హృదయం సౌందర్యాన్ని పెళ్లాడతాడు. పైకి రాకుమారుడి ప్రేమకథ, లోపల సూఫీల సాధనామార్గం. ‘అలిఫ్’ దీనికి అనుకరణ కాదు. కానీ ప్రేమలో పడ్డ మనసు ఆ దారినే దైవం దాకా నడుస్తుందనే ఊహ గోల్కొండ కోటలో వచనమై వెలిసిందన్నది తెలుగువారు గర్వంగా గుర్తుంచుకోవాల్సిన విషయం. మనోభావాలనే పాత్రలుగా నిలబెట్టే పద్ధతి తెలుగుకూ కొత్తేమీ కాదు. పదిహేనో శతాబ్దంలోనే నంది మల్లయ, ఘంట సింగయ ‘ప్రబోధచంద్రోదయం’ తెలుగు చేశారు.

హుస్న్‌-ఎ-జహాన్‌కు హైదరాబాదు చరిత్రలో ఒక అక్క ఉంది. ఆమె మహ్‌లఖా బాయి చందా (1768–1824). నిజాం దర్బారులో నర్తకి, గాయని, కవయిత్రి. ఆమె కవితా సంపుటి దివాన్‌లో 125 గజళ్లు. ఒక్కోదానిలో అయిదేసి షేర్లు (ద్విపదలు). ప్రేమను పాడుతూ పాడుతూ, ముగింపు దగ్గర ఆమె గొంతు హజ్రత్ అలీ వైపు తిరుగుతుంది. ఆ అలీ పేరిట వెలసిన మౌలాలి గుట్ట కింద, తల్లి పక్కనే ఆమె సమాధి ఉంది. నర్తకికి భక్తి ఏమిటని సీరియల్లో అబ్దుల్ ఆలా తన కోడలిని దూరం పెట్టాడు. మహ్‌లఖా మాత్రం నర్తకిగానే ఆ గుట్టకు భక్తురాలైంది.

కాళేశ్వరం, జనగామ ప్రాంతాల వారికైతే ప్రేమ నుంచి దైవం దాకా సాగే ఈ దారి ఇంటిముందు వీధిలాంటిది. జనగామ జిల్లా బమ్మెరలో పుట్టిన పోతన రుక్మిణి చేత దేవుడికే ప్రేమసందేశం పంపించాడు. పెళ్లి కుదరని అమ్మాయిలను రుక్మిణీ కల్యాణం చదువుకోమని పెద్దవాళ్లు చెప్పడం ఇప్పటికీ ఉంది. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద యముడు, ముక్తేశ్వరుడు రెండు లింగాలై పూజలందుకుంటారు. ఆ గుడికి మొక్కే కుటుంబాల్లోనే అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షావలి దర్గాకు వెళ్లి కందూరు చేసేవారూ కనిపిస్తారు (వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం). సూఫీ మాట వినిపిస్తే బెదిరిపోయే నేల కాదిది.

ఇక చూడటం సంగతి. 2014 జూన్ 23న మొదలైన ‘జిందగీ’ చానల్ పాకిస్తానీ సీరియళ్లను భారతీయ ఇళ్లలోకి తెచ్చింది. 2016లో ఉరీ దాడి తర్వాత వాటిని ఆపేసింది. ఆ తర్వాత చాలామందికి యూట్యూబే దిక్కయింది. పహల్‌గాం దాడి అనంతరం 2025 మే 8న, పాకిస్తాన్‌లో తయారైన సినిమాలు, సిరీస్‌లు, పాటలను నిలిపేయాలని ఓటీటీ సంస్థలకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ సూచించింది. అంతకుముందే అక్కడి పలు యూట్యూబ్ చానళ్లు ఇక్కడ మూతపడ్డాయి.

సరిహద్దు అవతలి కథ ఆగిపోవచ్చు. ఇవతలి కథను ఎవరు ఆపారు? ఈటీవీ ఉర్దూ 2001లో రామోజీ ఫిల్మ్‌సిటీ నుంచే మొదలైంది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998 నుంచి హైదరాబాదులోనే ఉంది. ఉర్దూ తెలంగాణకు రెండో అధికార భాష. స్టూడియోలూ, పండితులూ, నటులూ ఒకే ఊళ్లో ఉన్నారు. మహ్‌లఖా జీవితమో, వజ్హీ రాసిన హృదయ సౌందర్యాల ప్రయాణమో తెలుగులో, దక్కనీలో కలిపి ఓ ఇరవై భాగాల సీరియల్‌గా తీయడానికి ఇంతకంటే ఇంకేం కావాలి?