డీఎన్ఏకి తగిలిన దెబ్బను ఎలా పసిగడతారు?

మనం పీల్చిన ఆక్సిజన్‌లో కొంత కణాల్లో చురుకైన రూపాలుగా మారుతుంది. ఢిల్లీ చలికాలపు గాలిలోని సన్నని ధూళి, పొగ వీటిని ఇంకా పెంచుతాయి. మోతాదు మించితే ఇవి డీఎన్ఏపై పడతాయి. ముందుగా దెబ్బతినేది డీఎన్ఏలోని గ్వానిన్ అనే భాగం. అది 8-ఆక్సోగ్వానిన్‌గా మారుతుంది.

మరి కంటికి కనిపించని ఈ దెబ్బ ఎలా తెలుస్తుంది?

ఒక పద్ధతి కామెట్ పరీక్ష. రక్తకణాలను గాజు పలకపై అగరోజ్ జెల్‌లో పొదిగి, పొరలను కరిగించి, విద్యుత్తు పంపుతారు. డీఎన్ఏకి రుణావేశం ఉంటుంది కాబట్టి తెగిన పోగులు ధన ధ్రువం వైపు సాగుతాయి. మెరిసే రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఒక్కో కణం తోకచుక్కలా కనిపిస్తుంది. తోకలో డీఎన్ఏ ఎంత ఎక్కువుంటే దెబ్బ అంత ఎక్కువ. అది ఆక్సిజన్ పనేనా? తేల్చడానికి ఇంకో పలకపై ఎఫ్‌పీజీ ఎంజైమ్ వేస్తారు. ప్రధానంగా మారిపోయిన గ్వానిన్ ఉన్నచోట అది పోగును కత్తిరిస్తుంది. అప్పుడు తోక ఎంత పెరిగిందో చూస్తే లెక్క తేలుతుంది.

రెండోది ఎలైసా. మారిన గ్వానిన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలతో రక్తంలోనో మూత్రంలోనో దాని మోతాదు కొలుస్తారు. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, 12 వారాల యోగా, ధ్యానం తర్వాత రక్తంలో ఈ గుర్తు తగ్గింది. అయితే యోగా చేయనివారితో పోల్చలేదు కాబట్టి కారణం యోగానే అని ఖాయంగా చెప్పలేం. కొలత ఎంత ముఖ్యమో, పోలిక కూడా అంతే ముఖ్యం.