నాడీమూలానికి ఇచ్చే ఇంజెక్షన్ – బోధన్ చెరకు ప్రాంతపు శ్రామికుల కాలినొప్పి: ఒక పరిశీలన

నడుములో మొదలై పిరుదు, తొడ, పిక్కల మీదుగా పాదం వరకు దిగే నొప్పిని నిజామాబాద్, బోధన్ ప్రాంతాల వాడుకలో 'నరం గుంజుతున్నది' అంటారు. ఆయుర్వేదం దీనిని 'గృధ్రసి' అన్నది. ఆధునిక వైద్యంలో ఇది సయాటికా. వాడుకమాట శాస్త్రానికి దూరమైనదేమీ కాదు. వెన్నుపూసల నడుమనున్న డిస్క్ చిట్లి లోపలి మెత్తని పదార్థం వెలికివచ్చినప్పుడు పక్కనున్న నాడీమూలం నలుగుతుంది. ఈ సంబంధాన్ని 1934లో మిక్స్‌టర్, బార్ అనే అమెరికన్ వైద్యులు స్పష్టపరిచారు. అయితే ఒత్తిడి ఒక్కటే నొప్పికి మూలం కాదు. ఆ పదార్థంలోని రసాయనాలు నాడీమూలాన్ని వాపుకు గురిచేస్తాయి. ఇంజెక్షన్ పనిచేసేది ఈ వాపు మీదనే. డిస్క్‌ను అది వెనక్కి నెట్టదు.

నిజాంసాగర్ నీరు, శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ కలిసి బోధన్‌ను చెరకు సీమగా మార్చాయి. చెరకును వంగి నరకాలి, కట్టలను నెత్తిన మోయాలి. 2015లో ఫ్యాక్టరీ మూతపడినా వంగే పని పోలేదు. వరినాట్లు, పసుపు తవ్వకం, బీడీలు చుట్టడం మిగిలాయి. కూర్చుని చేసేది కనుక బీడీపని నడుముకు తేలికనుకోవడం పొరపాటు. నిలుచున్నప్పటికంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడు డిస్క్‌పై ఒత్తిడి ఎక్కువ. అలాగని శ్రమనే ఏకైక కారణంగా చూపలేము. వయస్సు, వంశపారంపర్యం కూడా గణనీయమైనవే.

చికిత్సలో రోగిని బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే తెరపై చూస్తూ, నాడీమూలం వెలుపలికి వచ్చే రంధ్రం వద్దకు సూదిని చేరుస్తారు. రంగుమందుతో స్థానాన్ని నిర్ధారించుకొని స్టెరాయిడ్‌ను, మత్తుమందును ఎక్కిస్తారు. రోగి సాధారణంగా అదేరోజు ఇంటికి వెళ్ళవచ్చు. తొలి గంటల ఉపశమనం మత్తుమందుదే. స్టెరాయిడ్ ప్రభావానికి కొన్ని రోజులు పడుతుంది. మధుమేహం ఉన్నవారిలో రక్తంలో చక్కెర కొద్దిరోజులు పెరగవచ్చు. సూది రక్తనాళంలోకి పోతే నాడీవ్యవస్థకు తీవ్రహాని కలగవచ్చు. ఇది చాలా అరుదు.

శస్త్రచికిత్సకు సిద్ధమైన 55 మందిపై రియూ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో, స్టెరాయిడ్ కూడా పొందిన 28 మందిలో 20 మంది శస్త్రచికిత్స వద్దనుకున్నారు. మత్తుమందు మాత్రమే పొందిన 27 మందిలో ఆ సంఖ్య 9. బ్రిటన్‌లో 163 మందిపై జరిగి 2021లో వెలువడిన నెర్వ్స్ అధ్యయనంలో, 18 వారాల నాటికి ఇంజెక్షన్‌కు, శస్త్రచికిత్సకు మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరికొన్ని అధ్యయనాలలో మాత్రం ప్రయోజనం స్వల్పకాలికమే. వెలికివచ్చిన డిస్క్ పదార్థం చాలామందిలో నెలల వ్యవధిలో దానంతటదే కుంచించుకుపోతుంది. ఇంజెక్షన్ ఆ వ్యవధిని భరించదగినదిగా చేస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. కూలి దినానికి దినం లెక్కగట్టే చోట, నొప్పి తగ్గిన మర్నాడే బరువెత్తక తప్పని పరిస్థితి. నడక మంచిదే, మంచం పట్టనవసరం లేదు. కాని వంగి బరువెత్తే పనిని కొన్ని వారాలు వాయిదా వేయాలన్న సలహా కూలి నష్టంతో ముడిపడి ఉంటుంది. దీనిని సూది వేయకముందే రోగితోనూ, కుటుంబంతోనూ మాట్లాడవలసి ఉంటుంది.

మూత్రం బిగబట్టినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ పోయినా, పాదం పైకి లేవకుండా బలహీనపడుతున్నా ఇంజెక్షన్‌తో కాలయాపన చేయరాదు. అటువంటి రోగిని వెన్నెముక శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి వెంటనే తరలించాలి.